సొరంగమునకు ముందు లెక్క

పాతవడిన పైవంతెనను పడగొట్టి, దానికి మారుగా భూమిక్రింద సొరంగము త్రవ్వి బాట వేయుటయే నగరనిర్మాణమునకు పరాకాష్ఠయని యిప్పుడు మన చదువరులలో నొక వాదము బలియుచున్నది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున ఉద్యోగములు చేయు మనవారు వేలకొలది కలరు. వారు సెలవులకు వచ్చినపుడు ఆ నగరపు సొరంగమును వర్ణింతురు. వినినవారు మన హైదరాబాదున కట్టి భాగ్యమెప్పుడు పట్టునాయని నిట్టూర్తురు. సొరంగములకు మేము శత్రువులము గాము. కాని పొరుగూరి పెండ్లివైభవమును వర్ణించువాడు ఆ పెండ్లికైన యప్పును గూడ చెప్పవలెను గదా! సగము కథ విని యిల్లమ్మి పెండ్లిచేయ బూనుట వివేకము గాదు.

సియాటిల్ సముద్రతీరమున రెండంతస్తుల పైవంతెనయొకటి 1953లో తెరవబడెను. దానిపేరు అలాస్కన్ వే వయాడక్టు. 1989లో కాలిఫోర్నియా భూకంపమున ఓక్లండు నగరమునందలి అట్టి రెండంతస్తుల వంతెనయే కూలి 42 మంది మడిసిరి. 2001 ఫిబ్రవరి 28న సియాటిల్ ప్రాంతమునే భూకంపము కుదిపినపుడు ఈ పైవంతెనయు దెబ్బతినెను. కూల్చుటయా, మరల కట్టుటయా, భూమిలోనికి దింపుటయా యను చర్చ నాటినుండి యేండ్లతరబడి సాగినది. 2007లో అభిప్రాయమడుగగా నగరజనులు క్రొత్త పైవంతెనను గాని, నాడు సూచింపబడిన సొరంగమును గాని యొప్పుకొనలేదు. 2009లో అధికారులు లోతుగా తొలుచు సొరంగమును నిశ్చయించిరి. 2011లో ఆ నిర్ణయము మరల ప్రజల వోటునకు వచ్చి నెగ్గినది. 2019 జనవరిలో పైవంతెన మూయబడి, ఫిబ్రవరి 4న సుమారు రెండుమైళ్ల సొరంగము తెరవబడెను. సముద్రమునకును నగరమునకును నడుమ గోడవలె నిలిచిన కాంక్రీటు తొలగిపోయినది. ఇంతవరకు కథ రమ్యముగనే యున్నది.

ఇక అప్పుపత్రమును చదువుదము. 57 అడుగులకు మించిన వ్యాసముగల యంత్రము 2013లో తొలుచుట కారంభించి, ఆ డిసెంబరులోనే ఒక యినుపగొట్టమును తాకిన పిమ్మట వేడెక్కి నిలిచిపోయెను. దానిని బాగుచేయుటకై 120 అడుగుల లోతున గొయ్యి త్రవ్వవలసి వచ్చెను. రెండేండ్లు పని నిలిచెను. ఆ గొట్టము ఏ శత్రువులును పాతిపెట్టినది గాదు. భూగర్భజలమును పరీక్షించుటకు ప్రభుత్వమువారే 2002లో దింపినది. దానినిగూర్చి మాకు సరిగా తెలుపలేదని కంట్రాక్టర్లును, తెలిపితిమని ప్రభుత్వమువారును వ్యాజ్యమాడిరి. 2019 డిసెంబరున జ్యూరీ ప్రభుత్వపక్షమున తీర్పుచెప్పి, కంట్రాక్టర్లు 5 కోట్ల 72 లక్షల డాలర్లు చెల్లింపవలెననెను. మొత్తము పథకమునకైన వ్యయము 300 కోట్ల డాలర్లను మించినది. పైవంతెననుండి నగరమధ్యమున దిగుటకు దారులుండెడివి. సొరంగమున ప్రవేశించినవాడు ఆవలి చివరకు పోయి తేలవలసినదే. 2019 నవంబరునుండి ఆ ప్రయాణమునకు సుంకము గూడ చెల్లింపవలెను.

న్యాయస్థానములలో దినములు గడుపువారము గనుక, ఒక్క గొట్టము ఆరేండ్ల వివాదమును కనుట మాకు వింతగా తోచలేదు. వింతగా తోచినది వేరు. ఆ గొట్టమును ఎవరు దింపిరో, ఏ యేట దింపిరో, ఏ కాగితమున వ్రాసిరో అచ్చట విచారణలో తేలినది! మన పట్టణములలో ఏ వీధిక్రింద ఏ మంచినీటిగొట్టము, ఏ మురుగుకాలువ, ఏ విద్యుత్తీగ పోవుచున్నదో చూపు పటము ఎన్ని పురపాలకసంఘముల బీరువాలలో నున్నది? తీగ పాతుటకు మూడడుగులు త్రవ్విననే నీటిగొట్టము పగులు వీధులలో, నూరడుగుల లోతున యంత్రమును నడిపింతుమనువారి ధైర్యమును ఏమని కొనియాడవలెను?

బోస్టను నగరము సంగతియు చూడుడు. 1959నాటి పైవంతెనకు మారుగా అచ్చట సొరంగము తలపెట్టినపుడు వేసిన యంచనా 280 కోట్ల డాలర్లు. తుదకైన వ్యయము 1400 కోట్లకు పైమాట. అంత చేసియు 2006 జూలైలో ఆ పథకములోని యొక సొరంగపు పైకప్పు పలకలు ప్రయాణించుచున్న కారుపై గూలి యొక స్త్రీ మరణించెను. పలకలను పట్టియుంచిన జిగురు కాలక్రమమున సడలుటయే కారణమని తేలినది. దీనికి భిన్నముగా కొరియాదేశపు సియోలు నగరమువారు 2003 మొదలుకొని 2005లోపల తమ పైవంతెననొకదానిని తొలగించి, సొరంగము జోలికే పోక, దానిక్రింద కప్పబడియున్న చొంగ్యేచొన్ వాగును మరల వెలికి తెచ్చుకొనిరి. కావున పైవంతెన ముసలిదైనంతమాత్రమున సొరంగమే గతియనుట నిజము గాదు.

మా ప్రాంతమువారికి భూగర్భము క్రొత్తది గాదు. ఇల్లెందున పందొమ్మిదవ శతాబ్దము తుదినుండియే బొగ్గు త్రవ్వబడినది. తాత, తండ్రి, కొడుకు వరుసగా సింగరేణి గనులలో దిగిన కుటుంబములు కొత్తగూడెమునను, ఇల్లెందునను గలవు. వారి నడుగుడు: త్రవ్వుట ఒకనాటి పని; కప్పును నిలుపుట, నీటిని తోడుట, గాలిని పంపుట ప్రతిదినపు పని. బాటకై త్రవ్విన సొరంగమునకును ధర్మమిదియే. పంకాలు తిరుగవలెను, దీపములు వెలుగవలెను, పంపులు నడువవలెను, నిప్పంటుకొనినపుడు జనులు వెలువడుటకు దారి యుండవలెను. వీనిలో ఏది తప్పినను అది బాట గాదు, గోరీ. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో దోమలపెంటకడ శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలినపుడు ఎనమండ్రు పనివారు లోపల చిక్కి ప్రాణములు గోల్పోయిరి. అది సాగునీటి సొరంగమే కావచ్చును. కాని రాయి, నీరు, బురద మనుష్యుని ప్రయోజనమును విచారించి కూలవు.

ఇక మా గోదావరికి వత్తము. భద్రాచలము వంతెన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిచే ప్రారంభింపబడినది. జగదల్‌పూరునుండి కొంట, చింతూరు, భద్రాచలము, కొత్తగూడెములమీదుగా కృష్ణాతీరమునకు పోవు జాతీయరహదారి అర్ధశతాబ్దికి మించి ఆ యొక్క వంతెనపైననే నడచినది. శ్రీరామనవమి యాత్రికునికిని, సారపాక కాగితపుమిల్లునకు పోవు కలపబండికిని, దుమ్ముగూడెము, చర్ల అడవులనుండి వచ్చు కోయసోదరునికిని నదిని దాటుటకు అదియే దిక్కు. దాని వయస్సు ఏబదియైన 2015లో రెండవ వంతెన పని మొదలైనది. 2022 జూలై 16న గోదావరి భద్రాచలమున 71.3 అడుగులకు వచ్చినది; 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద లేదు. మూడవ ప్రమాదహెచ్చరిక 53 అడుగులకే యని యెరిగినవారికి ఈ యంకెల యర్థము విప్పిచెప్పనక్కరలేదు. ఆ దినములలో వంతెనపై రాకపోకలు నిలిపివేయబడినవి. మొదలై యేడేండ్లు గడచినను రెండవ వంతెన అసంపూర్ణముగా ప్రక్కనే నిలిచియుండెను! తుదకు 2024 ఏప్రిలున, నవమి ముంగిట, అది తెరవబడినది.

తరతరములుగా వరదలెత్తు కొలుచుచు వచ్చిన నదిపై, ఆకాశముక్రింద, అందరు చూచుచుండగా కట్టిన వంతెనకు తొమ్మిదేండ్లు పట్టినది. ఎవరికిని కానరాని భూగర్భమున త్రవ్వు సొరంగమునకు ఎన్నేండ్లు పట్టునో, ఆ యేండ్లలో వ్యయమెన్నిరెట్లగునో చెప్పగల జ్యోతిష్కుడెవడు?

రాజధానికి సొరంగము వచ్చిన మీ అడవివంతెనకేమి నష్టమని కొందరడుగవచ్చును. ఖజానా యొక్కటే యనుట మా మొదటి సమాధానము. రాజధానిలో పెరిగిన ప్రతి యంచనాయు ఏదోయొక మారుమూల వాగుపై వంతెనను మరియొక యేడు వెనుకకు నెట్టును. రెండవది, నీరు రాజధానిని గూడ విడిచిపెట్టదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మము కాలనీలను ముంచినది. ప్రకాశనగరు వంతెనపై కొందరు గంటలకొలది చిక్కుపడిరి. పైనున్న బాటనే నీటినుండి కాపాడుకొనలేనివారము క్రిందిబాటను ఎట్లు కాపాడుదుము? వేరుదారి లేనిచోట సొరంగము తప్పదు. ప్యారడైజునుండి డెయిరీఫారమునకు తలపెట్టిన పైబాటను బేగంపేట విమానాశ్రయముకడ భూమిలోనికి దింపుట అట్టిది. విమానములు దిగుచోట వంతెన నిలుపజాలము గదా. అవసరమునకు త్రవ్వుట వేరు, ఆడంబరమునకు త్రవ్వుట వేరు.

సియాటిల్‌నుండి మనము దిగుమతి చేసికొనదగినది ఒకటి కలదు. అది యంత్రము గాదు, క్రమము. ముసలివంతెనను వారు మరువలేదు. దెబ్బతిన్ననాటినుండి దానిని మాటిమాటికి మూసి పరీక్షించిరి. భూకంపము తగిలిన తక్షణము తమంతట తామే దారి మూయు గేట్లను అమర్చిరి. క్రొత్తదారి సిద్ధమగువరకు పాతదానిని కనిపెట్టుకొనియుండిరి; రెంటి నడుమ ప్రజలు దారిలేక యున్నది మూడువారములే. తమ ధనము దేనికి వ్యయమగునో ప్రజలు రెండుమారులు వోటుచేసి చెప్పిరి.

కావున మేము కోరునవి అయిదు. ముప్పదియేండ్లు దాటిన ప్రతి వంతెనను, పైవంతెనను ఏటేట పరీక్షించి, ఆ నివేదికను తెలుగున ముద్రించి గ్రంథాలయములలో నుంచవలెను. భద్రాచలము పాతవంతెనతోనే యిది మొదలు కావలెను, ఏలయన క్రొత్తది వచ్చినదను సంతోషమున పాతదానిని మరచుట సులభము. భూగర్భమునందేమున్నదో పటము సిద్ధము చేయక సొరంగమునకు టెండరు పిలువరాదు. అంచనాలో త్రవ్వుటకగు వ్యయమే గాక, ఏబదియేండ్లు నడుపుటకగు వ్యయమును చేర్చవలెను. మించిన వ్యయమెవరు భరింతురో ఒడంబడికలో స్పష్టపరుపవలెను. క్రొత్తదారి నడచుటకు ముందు పాతదారి మూయరాదు. వీనిలో ఒక్కటియు అసాధ్యము గాదు. ఒక్కదానికిని విదేశపు యంత్రమక్కరలేదు.

పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న ప్రభుత్వధనమును భద్రాద్రిరాముని గుడికి వ్యయించెనని గోలకొండ చెరలో పెట్టబడెను. దేవుని పనికైన సొమ్మునకును లెక్కయడిగిన నేల యిది. ఆ సొమ్మును శ్రీరాముడే వచ్చి చెల్లించెనని భక్తుల విశ్వాసము. సొరంగపు టంచనాలు పెరిగినపుడు చెల్లించుటకు ఏ రాముడును దిగిరాడు. చెల్లింపవలసినవాడు పన్ను కట్టువాడే. చెల్లించువాడు ముందే లెక్కయడుగుగాక!