కొలత గేటు దగ్గరే ఆగిపోతోంది

ఎలమంచిలి నుంచి అచ్యుతాపురం సెజ్‌కు డ్యూటీకి వెళ్లే ఆడపిల్లలను రోజూ చూస్తుంటాను. ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల ఇళ్లవారే. 2022 జూన్ 3న ఆ సెజ్‌లో విషవాయువు పీల్చి దుస్తుల కర్మాగార మహిళలు కుప్పకూలారు. రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 2న, మళ్లీ అదే జరిగింది. బట్టలు కుట్టేవారికీ రసాయనాలకూ ఏమిటి సంబంధం?

1986 పర్యావరణ పరిరక్షణ చట్టం దీనికి జవాబు చెప్పింది. నీరు, గాలి, నేల, వాటితో మనుషులకూ ఇతర ప్రాణులకూ ఉండే సంబంధం, ఇదంతా కలిసే పర్యావరణమని నిర్వచించింది. ఆచరణలో మాత్రం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఏ కర్మాగారానికి ఆ కర్మాగారమే. పొగగొట్టానికి ఒక పరిమితి, వ్యర్థజలానికి మరొకటి. ప్రాంతాన్ని మొత్తంగా తూచే ప్రయత్నం 2009లో జరిగింది. విశాఖపట్నం తీవ్ర కాలుష్య ప్రాంతంగా తేలడంతో 2010 జనవరిలో కొత్త అనుమతులు ఆపారు. తర్వాత ఆ నిషేధమూ ఎత్తేశారు.

పది కర్మాగారాల భారం కలిసి ఎవరి మీద పడుతుంది? ఊరి చివర, పల్లంలో ఎవరుండాలో కులం ఏనాడో తేల్చింది. పూడిమడక తీరాన మత్స్యకారులున్నారు.

ఈ సంగతిని పర్యావరణ చట్టాలకన్నా సూటిగా పట్టుకున్నది 1989 నాటి అట్రాసిటీ చట్టం. దళితులు, ఆదివాసులు వాడుకునే నీటిని పాడుచేయడం దాని ప్రకారం నేరం; శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ఊరి పెత్తందారు బావిని చెరపడం గురించే ఆ నిబంధన అనుకుంటూ వచ్చాం. కంపెనీకి కులం లేదు కదా అంటారు న్యాయవాది మిత్రులు. కోర్టులో అది చిక్కే, కాదనను. కంపెనీకి లేకపోవచ్చు, నడిపేవారికి ఉంటుంది.

మరోవైపు 2023 జన విశ్వాస్ చట్టం, 1986 చట్టం కింద ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా ఉన్న జైలుశిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టింది. పెద్ద కర్మాగారానికి అదొక ఖర్చు పద్దు.

కర్మాగారాలు వద్దనడం లేదు. మా ఇళ్లలో జీతాలు అక్కడివే. కొత్త అనుమతికి ముందు సెజ్ మొత్తం భారాన్ని కలిపి లెక్కించాలి. గాలినీ నీటినీ దళితవాడలో, మత్స్యకారుల రేవులో, అక్కడి మనుషుల ఎదుటే కొలవాలి. ఆ అంకెలు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 1986 చట్టం మూడో సెక్షన్ కేంద్రానికిచ్చిన అధికారం చాలు.