సోయాపై నింద, ఉప్పుపై మఱపు

మాంసమును, చేపలను, తుదకు పాలను సయితము విడిచి ధాన్యములు, పప్పులు, కూరగాయలు మాత్రమే భుజించువారు నేడు పల్లెలలో సయితము కానవచ్చుచున్నారు. కొందఱు ధర్మబుద్ధితోను, కొందఱు ఆరోగ్యము కొఱకును ఇట్లు చేయుచున్నారు. అట్టివారి వంటయింటిలోనికి సోయా చిక్కుడు ప్రవేశించినది. కిరాణా కొట్లలో మీల్ మేకర్ అను పేర అమ్మబడు ఉండలు సోయాపిండితో చేసినవే. అంతలో, “సోయా తిన్నచో థైరాయిడ్ చెడును, ఆ వ్యాధి గలవారు దానిని ముట్టనే రాదు” అను మాటయు వ్యాపించినది. ఇందు నిజమెంత, భయమెంత యని విచారించుట మన సభ్యుల కవసరము. నా అభిప్రాయమున మనము నిందించుచున్నది సోయాను, మఱచుచున్నది ఉప్పును.

సోయా మన సీమ పంట కాదు. నెల్లూరు తీరమున వరి, మినుము, పెసర, వేరుసెనగ మనకు పరిచితములు. సోయా తెలంగాణములో ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములలో పండుచున్నది. 1935 లో గాంధీగారు వార్ధాలోని మగన్‌వాడిలో దీనిని ఆహారముగా పరీక్షించి హరిజన పత్రికలో వ్రాసిరి. కందిపప్పులో నూటికి సుమారు 22 పాళ్లు మాంసకృత్తులుండగా సోయాలో 36 మొదలు 40 పాళ్ల వఱకు కలవు. చక్కగా ఉడికించిననే గాని ఇది జీర్ణము కాదు.

ఇక భయమునకు మూలమేమి? మన కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి అయోడిన్ అను ద్రవ్యముతో తన రసమును తయారు చేయును. సోయాలోని కొన్ని పదార్థము లా పనిని కొంత మందగింపజేయగలవు. అయోడిన్ సమృద్ధిగా నున్నచో ఆ లోటు తెలియదు. కొఱవడినచో గ్రంథి వాచి గళగండముగా పరిణమించును. 1959 ప్రాంతమున అమెరికాలో తల్లిపాలకు బదులు సోయాపిండి పాలు త్రాగిన కొందఱు శిశువులకు గళగండము కలిగినది. ఆ పిండిలో అయోడిన్ చేర్చిన పిదప ఆ బాధ తొలగినది. సోయా పోలేదు, లోటు పోయినది. దీనికంటె స్పష్టమైన నిదర్శనము వేఱొకటి కావలయునా? 2006 లో పండితులు 14 పరీక్షలను సమీక్షించి, ఆరోగ్యవంతుల థైరాయిడ్‌కు సోయావలన చెప్పదగిన హాని లేదని తేల్చిరి. అయితే 2011 లో ఇంగ్లండున, అప్పటికే థైరాయిడ్ కొంత మందగించిన 60 మందికి సోయాసారము నిచ్చి చూడగా, ఆర్గురికి వ్యాధి ముదిరినది. కావున అట్టివారు మితము పాటించి, రక్తపరీక్ష చేయించుకొనుచుండుట మంచిది.

“సముద్రపు టొడ్డున నున్న మనకు అయోడిన్ కొఱతయా?” అని కొందఱు నవ్వుదురు. లెక్క చూతము. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములును, 50 మొదలు 60 మైక్రోగ్రాముల అయోడినును ఉండును. అది యంతయు ఉప్పులోనే నిలిచినదనుకొన్నను, 10 గ్రాముల ఉప్పులో 17 మైక్రోగ్రాములకు మించదు. పెద్దవారికి దినమునకు 150, గర్భిణికి 250 మైక్రోగ్రాములు కావలయును. ఇసకపల్లి కొఠారులలో కుప్పవోసిన తెల్లని కల్లుప్పు కంటికింపే గాని, అయోడిన్ చేర్చని దాని నెంత తిన్నను ఈ లోటు తీరదు. సముద్రపు చేపలు తినువారికి వానివలన, పాలు త్రాగువారికి పాలవలన కొంత అయోడిన్ లభించును. ఆ రెండును విడిచినవారికి ఉప్పే ముఖ్యాధారము. వారే చవుకయని, స్వచ్ఛమని విడి కల్లుప్పు కొనుట శోచనీయము.

ఈ విషయమున లోకమునకు దారి చూపినవారిలో మన తెలుగువాడొకడున్నాడని గర్వింపవచ్చును. శ్రీకాకుళమున 1921 లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు, 1956 లో, నేడు హిమాచల ప్రదేశములో నున్న కాంగ్రా లోయలో పరిశోధన నారంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిన్ చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపించిరి. కొన్ని యేండ్లలో మొదటి రెండుచోట్ల గళగండము బాగుగా తగ్గినది, మూడవచోట తగ్గలేదు. 1962 లో దేశమంతట గళగండ నివారణ కార్యక్రమ మారంభమైనది. అయోడిన్ కొఱత మెడవాపుతో నిలువదు. గర్భస్థశిశువు మెదడును సయితము దెబ్బతీయును. ఆ నష్టమును పిదప ఏ మందును పూరింపజాలదు.

నేటి చట్టము ననుసరించి వంటకమ్మెడు ఉప్పులో అయోడిన్ ఉండవలయును. అంగడిలో పదిలక్షల పాళ్లకు 15 పాళ్లకు తక్కువ కారాదు. చేపలు ఎండవేయుటకు, పరిశ్రమలకు మామూలు ఉప్పు చాలును. కావున కొఠారుల వారి జీవనమునకు మనము శత్రువులము గాము. వారును సంఘముగా నేర్పడి అయోడిన్ చేర్చు యంత్రమును పెట్టుకొన్నచో వారి సరకునకే విలువ హెచ్చును. మన సహకార సంఘములు తమ దుకాణములలో వంటకు విడి ఉప్పు అమ్మరాదు. పరీక్షద్రవము నొకదానిని తెప్పించి, సభ్యుడు తెచ్చిన చిటికెడు ఉప్పును ఎదుటనే పరీక్షించి చూపవలయును. మన తీరపు గాలి తేమగలది; కావున ఇంట ఉప్పును మూతగల డబ్బాలో, పొయ్యికి దూరముగా నుంచి, కూర దించునపుడు వేయవలయును.

రోగులకు కొన్ని మాటలు. థైరాయిడ్ మాత్రను ఉదయమున పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంట వఱకు ఏమియు తినరాదు. సోయా ఆ మాత్రను శరీరమున కెక్కనీయదు. కావున దానిని కొన్ని గంటల తరువాత తినవలయును. ఇనుము, సున్నపు మాత్రలకు నాలుగు గంటల యెడము కావలయును. సోయా మానితిమని మాత్ర మానుట అవివేకము. అయోడిన్ మంచిదని మోతాదు మించి సేవించుటయు కీడే.

మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులకు సోయా హాని చేయునని ఋజువు లేదు. ఆ గ్రంథులు క్షీణించినవారికి అపాయము వేఱొకచోట నున్నది. వారు తగిన చికిత్స లేక థైరాయిడ్ మాత్ర మొదలిడినచో ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ఇరుగుపొరుగువారి మాత్రలను ఎన్నడును మ్రింగరాదు. కీళ్లనొప్పులకు చిరకాలము స్టీరాయిడ్ వాడినవారు దానిని హఠాత్తుగా మానరాదు. ఇట్టివారు ఉప్పును తగ్గించుటయు వైద్యుని యనుమతితోనే జరుగవలయును.

సోయా తినుటయో మానుటయో ఎవరి యిష్టము వారిది. మన కందులు, పెసలు, మినుములు ఉండగా అది లేకున్నను శాకాహారికి కొదువ లేదు. కాని ఉప్పు ప్రతి యింటను ప్రతి దినమును వాడుదుము. దానిని చూచి కొనుట గృహస్థుని ధర్మము. మంచిదే అమ్ముట సంఘము ధర్మము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెండు.