గంగలో కలిసిన తెలుగు థీసిస్‌లు

పీహెచ్‌డీ థీసిస్‌ని మొత్తం చదివేది ముగ్గురే అని ఒక పాత జోకు. రాసినవాడు, గైడు, టైపు చేసినవాడు. గైడు సంగతి కూడా డౌటే అనేవాళ్ళున్నారు :)

జోకు పక్కనపెట్టి చిన్న లెక్క వేద్దాం. 2023 జనవరి నుంచి యూజీసీ జేఆర్ఎఫ్ నెలకి 37,000 రూపాయలు. రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. ఐదేళ్ళూ పూర్తిగా తీసుకుంటే అక్షరాలా 24 లక్షలు. అందరికీ ఫెలోషిప్ రాదు, నిజమే. కానీ ప్రభుత్వ యూనివర్సిటీలో గైడు జీతం, లైబ్రరీ, ల్యాబు, కరెంటు బిల్లు అన్నీ ఎక్కువగా జనం డబ్బుతోనే నడుస్తాయి. అంటే మన పే స్లిప్‌లో ప్రతి నెలా కోసే టీడీఎస్ కూడా అందులో ఉంది. కాబట్టి ఆ పరిశోధనలో ఏం తేలిందో చూసే హక్కు మనకి ఉందంటాను నేను.

అలా చూడ్డానికి ఒక చోటుంది. పేరు శోధ్‌గంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతుంది. థీసిస్ ఎలక్ట్రానిక్ కాపీ ఇవ్వాల్సిందేనని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. ఇప్పుడు అక్కడ ఐదు లక్షలకి పైగా థీసిస్‌లున్నాయి. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. నడిచేది డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద. ఇంత పెద్ద పని మన దేశంలో జరిగిందని మన ఐటీ జనాల్లో చాలామందికి తెలీదు.

వాడటం తెలిస్తే చాలా దొరుకుతుంది. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళ గురించో, చేనేత సహకార సంఘాల గురించో తెలుసుకోవాలంటే ఇంగ్లీషు మాటలతో వెతకండి. టైటిల్లో జిల్లా పేరు ఉంటుంది, దాన్ని పట్టుకోండి. అక్కడ దొరక్కపోతే గూగుల్‌లో శోధ్‌గంగ సైటుకే పరిమితం చేసి వెతకండి. అదీ కాకపోతే యూనివర్సిటీ, డిపార్ట్‌మెంటు వారీగా జాబితా తిరగేయండి. ఒక్కో థీసిస్ చాలా పీడీఎఫ్ ముక్కలుగా ఉంటుంది. టైటిల్ పేజీకి ఒకటి, సర్టిఫికెట్‌కి ఒకటి, డిక్లరేషన్‌కి ఒకటి. అవి దాటి నేరుగా చివరి అధ్యాయానికి వెళ్ళండి, సారం అక్కడుంటుంది. దాని తర్వాత వచ్చే గ్రంథసూచి ఇంకా విలువైనది. అసలు ఏ పుస్తకాలు చూడాలో అది చెప్తుంది.

ఇదంతా ఇంగ్లీషు థీసిస్‌ల సంగతి. ఇక మన తెలుగు శాఖల థీసిస్‌ల దగ్గరికి రండి.

మొదటి చిక్కు టైటిల్. చాలావాటికి తెలుగు టైటిల్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. "సాహిత్యం" అనే ఒక్క మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకు తెలుసు. దీర్ఘానికి రెండు ఏ లు పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు, త కి హెచ్ తగిలించేవాళ్ళు, తగిలించనివాళ్ళు. ఎక్కించినవాళ్ళు ఏది రాశారో మనం ఊహించాలి. ఊహ తప్పితే ఆ థీసిస్ మనకి లేనట్టే.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పాతవి చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు. టైపు చేసినవాటిలో డీటీపీ రోజుల ఫాంట్లు ఉంటాయి. ఈ ఫాంట్ల కిటుకు మనకి తెలిసిందే కదా. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటి మీద ఫాంటు తెలుగు ముసుగు వేస్తుంది. కంటికి "కౌలు రైతు" అని కనిపిస్తుంది, మెషీన్‌కి మాత్రం అర్థంలేని గుర్తులే. ప్రింటుకి ఆ రోజుల్లో అదే దారి, కాబట్టి ఆనాటి వాళ్ళని తప్పుపట్టను. కానీ యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇవాళ కూడా ముసుగు ఫాంట్లో థీసిస్ ఇస్తే తీసుకోవడం ఏమిటి?

అమెరికాలో పబ్‌మెడ్ సెంట్రల్ 2000లో మొదలైంది. ఎన్ఐహెచ్ డబ్బుతో చేసిన పరిశోధన పేపర్లు అక్కడ పెట్టడం 2008లో తప్పనిసరి చేశారు. వాళ్ళు పీడీఎఫ్ పడేసి ఊరుకోలేదు. వ్యాసాన్ని ఎక్స్ఎంఎల్‌లో దాస్తారు. శీర్షిక ఏది, పట్టిక ఏది, రిఫరెన్సు ఏది అని మెషీన్‌కి విడివిడిగా తెలుస్తుంది. "దాచడం" వేరు, "దొరికేలా దాచడం" వేరు. తేడా అంతా అక్కడే.

మనకి డబ్బు లేదంటారా? విదేశీ జర్నళ్ళు మన విద్యాసంస్థలకి అందించడానికి ఒన్ నేషన్ ఒన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 నుంచి 2027 దాకా మూడేళ్ళకి 6,000 కోట్లు కేటాయించారు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. విద్యార్థులకి అది మేలే, కాదనను. కానీ బయటివాళ్ళ పరిశోధన చదవడానికి అంత పెట్టగలిగినవాళ్ళం, మన డబ్బుతో మన భాషలో రాసింది వెతికితే దొరికేలా చేసుకోలేమా?

అందరికీ దొరికితే కాపీ కొడతారు అనే భయం ఒకటుంది. నిజానికి జరిగేది తలకిందులు. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ని యూనివర్సిటీలకి ఇవ్వడానికి 2019లో శోధ్‌శుద్ధి మొదలుపెట్టారు. అలాంటి సాఫ్ట్‌వేర్ పోల్చేది అక్షరాల్ని. అక్షరాలే లేని స్కాన్ బొమ్మని దేంతో పోలుస్తుంది? పాత తెలుగు థీసిస్‌ని ఎవరైనా యథాతథంగా మళ్ళీ టైపు చేసి ఇస్తే పట్టుకునేది ఎలా? దొంగకి చీకటే కదా చుట్టం.

ఇంకొకటి. ఏఐ మోడళ్ళకి తెలుగు సరిగా రాదని మనం నవ్వుకుంటాం. తెలుగులో డేటా లేదు, ఏం చేస్తాం అంటాం. అది సగం నిజమే. జానపదాల మీద, మాండలికాల మీద, శాసనాల మీద ఏళ్ళ తరబడి తిరిగి రాసిన పేజీలున్నాయి. డబ్బు కూడా ఎప్పుడో కట్టేశాం. మెషీన్ చదవలేని రూపంలో ఉన్నాయి, అంతే.

చేయాల్సింది కొండంత కాదు. థీసిస్ భాష తెలుగు అని ఉంటే, ఫైల్లోంచి అక్షరాలు తీసి, తెలుగు యూనికోడ్ పరిధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సున్నా వస్తే అప్‌లోడ్ తిప్పి పంపాలి. మనలో ఎవరైనా టీ తాగి వచ్చేలోపు రాసే కోడ్ ఇది. టైటిల్‌ని తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అర్థంతోనూ రెండు గళ్ళలో అడగాలి. పాతవాటికి ఓసీఆర్ చేసి, తప్పులున్నా సరే, ఆ పాఠాన్ని పీడీఎఫ్ పక్కన ఉంచాలి. టెసరాక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు చదువుతుంది. నూటికి నూరుపాళ్ళు రాకపోయినా, వెతికితే తగలడానికి చాలు.

నిబంధన మార్చాల్సింది యూనివర్సిటీలు. అడగాల్సింది మనం. మీరు చదివిన యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల మీటింగుకి పిలిచి విరాళం అడుగుతుంది చూడండి, అప్పుడు ఈ ఒక్క ప్రశ్న వెయ్యండి: "మన తెలుగు శాఖ థీసిస్‌లు తెలుగులో వెతికితే దొరుకుతున్నాయా?" లేవంటే డబ్బుకి ముందు ఆ పని మీద ఓ రెండు శనివారాలు ఇస్తానని చెప్పండి.

పనికిరాకుండా పోయినదాన్ని గంగలో కలిసింది అంటాం. ఇన్నేళ్ళ కష్టానికి ఆ మాట నిజం కాకూడదు.