పట్టాల తరువాత ప్రశ్న
హైదరాబాదులో 2003లో మొదలైన ఎంఎంటీఎస్, అంటే బస్సును, రైలును ఒకదానితో ఒకటి జోడించాలన్న బహుళ సాధనాల రవాణా వ్యవస్థ, ఆ జోడింపును ఇప్పటికీ సాధించలేకపోయింది. రెండో దశ ఖర్చులో రాష్ట్రం రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలన్న ఒప్పందం నిధుల దగ్గర ఏళ్ల తరబడి నలగడంతో మేడ్చల్ మార్గం 2023 ఏప్రిల్‌లో, సనత్‌నగర్–మౌలాలి మార్గం 2024 మార్చిలో గాని తెరుచుకోలేదు. లోకల్, ఎక్స్‌ప్రెస్, గూడ్సు బళ్లు ఒకే పట్టాలను పంచుకునే చోట బళ్ల ఎడం, అనగా ఒక రైలు వెళ్లాక మరొకటి వచ్చేదాకా పట్టే సమయం, ప్రయాణికుల అవసరాన్ని వదిలి మిగిలిన ఖాళీని బట్టి నిర్ణయమవుతుంది. షేర్ ఆటో గుమ్మం ముందే ఆగే నగరంలో, వేళకు వస్తుందో రాదో తెలియని బండి కోసం స్టేషనుదాకా నడిచేవారు అరుదు. ఎంఎంటీఎస్‌ను యాదాద్రిదాకా పొడిగించేటప్పుడైనా, శంకుస్థాపన ఫలకం కన్నా ముందు ఉదయం ఎనిమిదికీ పదికీ మధ్య నడిపే బళ్ల వేళల పట్టిక సిద్ధం కావాలి.