లాపతానా, లాపర్వానా?



"దామాద్ లాపతా అయ్యాడు, ఏం చేస్తాం, సబ్ర్ చెయ్యి బేటీ అని చెప్పాం." మన ఇళ్లలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుస్సా వస్తుంది. దుబాయ్ పోయినవాడు నంబరు మార్చేస్తాడు. షహర్‌లోనే ఉన్నవాడు ఇల్లు మార్చేస్తాడు. అమ్మాయి మాత్రం పిల్లల్ని పెట్టుకుని మైకేలో కూర్చుంటుంది. శౌహర్ ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. సూరె నిసా 129వ ఆయత్‌లో ఇలాంటి ఆడదానికి 'ముఅల్లఖా' అనే మాట ఉంది. వేలాడుతూ ఉండిపోయినది అని అర్థం. బీవీని అలా వదిలేయొద్దని అక్కడ మర్దులకు హుకుం ఉంది. మనమేమో ఆ వేలాడటానికే సబ్ర్ అని పేరు పెట్టుకున్నాం.

ఈ మస్‌అలా కొత్తది కాదు. హనఫీ ఫిఖ్ ప్రకారం ఆచూకీ లేని శౌహర్ కోసం దాదాపు ఒక జిందగీ అంతా ఎదురుచూడాల్సి వచ్చేది. ఆ ముసీబత్ చూసే మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1930లలో 'అల్ హీలతున్ నాజిజా' రాసి, మాలికీ మజ్‌హబ్‌లోని నాలుగేళ్ల గడువును తీసుకోవచ్చని దారి చూపారు. ఆ తర్వాతే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. అంటే ఈ కానూన్ వెనక ఉలమాల ఫిక్ర్ ఉంది. కోర్టుకు పోతే దీన్‌కు దూరమైనట్టని భయపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది నాలుగేళ్లు గడిచేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోవడం ఈ కానూన్‌లో ఒక కారణం మాత్రమే. రెండేళ్లు నఫఖా ఇవ్వకపోయినా దావా వేయొచ్చు. సరైన కారణం లేకుండా మూడేళ్లు కాపురం బాధ్యతలు వదిలేసినా వేయొచ్చు. కాబట్టి ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆయన నిజంగా లాపతానా, లేక లాపర్వానా? జెద్దాలో ఉన్నాడని, ఈద్‌కు తల్లికి ఫోన్ చేస్తాడని ఖాందాన్ మొత్తానికి తెలుసు అనుకోండి. అప్పుడు 'ఆచూకీ లేదు' అని ఝూట్ రాయొద్దు. రేపు ఆయన వచ్చి నాకు నోటీసే అందలేదంటే డిక్రీ మొత్తం ఖతరాలో పడుతుంది. నఫఖా కారణం మీద సాఫ్‌గా అడగండి.

నిజంగా లాపతా అయితే కానూన్ ఇంకో పని చేస్తుంది, అది నాకు చాలా నచ్చుతుంది. ఆయన ఈరోజే చనిపోయి ఉంటే ఎవరు వారసులయ్యేవారో వాళ్ల పేర్లు దావాలో రాయాలి, వాళ్లకు నోటీసు పోతుంది. తండ్రి తరఫు చాచా, భాయీ ఉంటే, వారసులు కాకపోయినా వాళ్లను పార్టీలుగా చేర్చాలి. ఇన్నాళ్లూ "మాకేం తెలుసు" అన్న ససురాల్ ఇక జడ్జి ముందు జవాబ్ చెప్పాలి. డిక్రీ వచ్చాక కూడా ఆరు నెలల గడువు ఉంటుంది. ఆలోపు ఆయన వచ్చి కాపురం చేస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. ఈ ఆరు నెలలు లాపతా కారణానికి మాత్రమే.

సబూత్ ఈరోజు నుంచే జమ చేయండి. సియాహా పోతే నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు దఫ్తర్‌లో నికాహ్ సర్టిఫికెట్ కోసం అడగండి. ఆయన ఆఖరి పతాకు అబిడ్స్ జీపీఓ నుంచి ఉత్తరం పంపండి. వెనక్కి వచ్చిన కవర్ పారేయొద్దు, అదే మీ గవాహీ. నోటీసు చేరకపోతే పేపర్‌లో వేయించమని కోర్టు చెప్పొచ్చు. ఎవరూ చూడని పేపర్ కాకుండా, అబిడ్స్ నుంచి వచ్చే సియాసత్ లాంటిది, ఆయన ఖాందాన్ రోజూ చదివేది అడగమని వకీల్ సాబ్‌కు చెప్పండి. దావా మాత్రం నాంపల్లి క్రిమినల్ కోర్టులో కాదు, ఫ్యామిలీ కోర్టులో. ఫీజుకు డబ్బు లేదనొద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆమ్‌దనీతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ముఫ్త్‌గా వకీల్‌ను ఇస్తుంది.

2025 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టు, ఖులా కోరడం ఆడదాని హక్ అని, దానికి శౌహర్ ఒప్పుకోవాల్సిన పని లేదని తీర్పు ఇచ్చింది. మంచి ఫైస్లా. కానీ ఖులాలో శౌహర్‌కు అడగాలి, సులహ్‌కు కోషిష్ జరగాలి, మెహర్ మాట తేలాలి. మనిషే దొరకనప్పుడు ఎవరిని అడుగుతారు? పైగా 1939 కానూన్ కింద నికాహ్ రద్దయితే మెహర్ మీద ఆమె హక్ అలాగే ఉంటుంది. అందుకే ఇలాంటి ఇళ్లకు ఫస్ఖ్ దారే మేలని నా రాయ్. డిక్రీ చేతికొచ్చాక ఇద్దత్ సంగతి, షరయీ ఫస్ఖ్ సంగతి భరోసా ఉన్న ఆలిమ్‌తో, దారుల్ ఖజాలో అడిగి తెలుసుకోండి.

అమ్మీలూ, అబ్బాలూ, "లోగ్ క్యా కహేంగే" అని బిడ్డ జవానీని కరగనివ్వకండి. మస్జిద్ కమిటీ పెద్దలూ, నికాహ్‌కు గవాహ్‌గా దస్తఖత్ పెట్టింది మీరే. ఆ కుర్రాడి ఇంటికి పోయి పతా అడగడం కూడా మీ జిమ్మేదారీయే. సబ్ర్ అంటే హక్ అడుగుతూ తొందరపడకుండా ఉండటం. హక్ వదిలేసి కూర్చోవడం సబ్ర్ కాదు.