కాలిన చర్మానికి కూలి లెక్కా?

నా దగ్గర ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థి మూడు వారాలు తరగతికి రాలేదు. వచ్చిన రోజున మడతలు పడిన ఒక కాగితాన్ని నా ముందు పెట్టాడు. అతని తండ్రి ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఆవిరి గొట్టం వాల్వు కారుతోందని పది రోజులుగా చెబుతున్నా ఎవరూ మార్చలేదు. అది ఊడిన రోజున ఆయన కుడిచెయ్యి, మెడ, ఛాతీ కాలిపోయాయి. లేబర్ కాంట్రాక్టరు ఆసుపత్రి బిల్లులో కొంత కట్టి, ఇరవై వేలు చేతిలో పెట్టి, ఇకపై ఎలాంటి పరిహారమూ కోరనని రాసిన కాగితంపై వేలిముద్ర వేయించుకున్నాడు. కట్టు లేని ఎడమచేతి వేలిముద్ర అది. ‘సార్, దీంతో అంతా అయిపోయినట్టేనా?’ అని అడిగాడు ఆ అబ్బాయి.

అయిపోలేదు. 2025 వరకు అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం ప్రకారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. కాంట్రాక్టరు ద్వారా పనిచేయించుకున్నా పరిహారం బాధ్యత నుంచి మిల్లు యజమాని తప్పించుకోలేడు. పనిలో ఉండగా, ఆ పని వల్లనే గాయం జరిగిందని చూపితే చాలు, నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. పరిహారం ప్రమాదం జరిగిన నాటినుంచే బాకీ అవుతుందని 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెల దాటితే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుంటే సగం వరకు జరిమానా అదనం. దావాకు గడువు రెండేళ్లు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. ఇవేవీ ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. వేలిముద్ర వేయించుకున్నవాడికి మాత్రం అన్నీ తెలుసు.

అయితే నన్ను కలవరపెట్టింది ఆ కాగితం కాదు, ఆ తర్వాత మేమిద్దరం కూర్చుని వేసిన లెక్క.

పూర్తి అంగవైకల్యం కలిగితే నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించాలి. నలభై ఏళ్లవాడికి ఆ అంకె 184.17. ఆయన వేతనం 9,000. అంటే పూర్తి వైకల్యానికి 9,94,518 రూపాయలు. వైద్యుడు సంపాదన శక్తిలో నష్టం 20 శాతమేనని ధ్రువపత్రం రాశాడు. అప్పుడు చేతికి వచ్చేది రెండు లక్షల లోపే. అదే ఆవిరి, అదే వయసున్న 15,000 జీతం సూపర్‌వైజరు మీద పడి, అంతే గాయం చేసి ఉంటే 3,31,506 రూపాయలు వచ్చేవి. కాలిన చర్మం ఒక్కటే, ధర రెండు రకాలు.

చట్టం కులం పేరెత్తదు, వేతనం మాత్రమే అడుగుతుంది. కానీ వేతనం మన సమాజంలో కులం తెలియని అంకె కాదు. ఆ మిల్లులో పనిచేసేది ఎనిమిది మంది. బాయిలర్, పొయ్యి, బూడిద దగ్గర ఉన్న ఐదుగురూ ఎస్సీ, ఎస్టీలే. కాటా దగ్గర, లెక్కల దగ్గర వాళ్లలో ఒక్కరూ లేరు. కులం పనిని మాత్రమే కాక పనిచేసే మనుషులనే మెట్లుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. కింది మెట్టు మీద ఉన్నవాడికి నిప్పు దగ్గరి పని, ఆ పనికి తక్కువ కూలి, కాలినప్పుడు ఆ కూలిని బట్టే పరిహారం. మూడుసార్లు జరిగే ఈ అన్యాయంలో మూడోది చేస్తున్నది చట్టమే. 2020లో తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ లెక్కను అలాగే తనలో చేర్చుకుంది. ఈఎస్ఐ వర్తించేచోట దారి వేరు, అక్కడా కొలత జీతమే.

గాయాన్నే కొలతగా తీసుకోవడం సాధ్యం కాదని వాదించేవారున్నారు. మన చట్టాల్లోనే దానికి జవాబుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలకు 2016లో చేసిన సవరణ చూడండి. యాసిడ్ దాడిలో శరీరం 30 శాతానికి మించి కాలితే 8.25 లక్షలు, 10 నుంచి 30 శాతం వరకైతే 4.15 లక్షలు, ముఖం మినహా పది శాతం లోపైతే 85 వేలు. బాధితుడి జీతం ఎంతని ఎవరూ అడగరు. అది నేరానికి సంబంధించిన నిబంధన, నిర్లక్ష్యానికి కాదు. ఆ మొత్తాలు చాలినంత ఉన్నాయనీ నేననను. కానీ కాలిన మేరను బట్టి పరిహారం నిర్ణయించడం రాజ్యానికి చేతనవునని అది రుజువు చేస్తోంది.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయినప్పుడు, మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు అందేలా చూస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. చట్టం లెక్క ప్రకారమైతే, 15,000 వేతన పరిమితితో మరణానికి వచ్చేది ఎంత చిన్నవయసువాడికైనా 17 లక్షల దరిదాపులే. చట్టం చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా? అయితే ప్రకటన హక్కు కాదు. మిల్లులో ఒంటరిగా కాలినవాడి దగ్గరకు ఏ మంత్రీ రాడు.

కనుక పరిహారంలో నొప్పికీ, వికృతికీ, జీవితాంతం సాగే చికిత్సకూ వేతనంతో సంబంధం లేని ఒక కనీస మొత్తం ఉండాలి. సివిల్ కోర్టులు వీటిని వేరుగా లెక్కిస్తాయి. కానీ ఆ దారి పట్టాలంటే నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి, కార్మిక పరిహారాన్ని వదులుకోవాలి. రోజుకూలీకి అంత ఓపిక ఎక్కడిది? వైద్యుడి ధ్రువపత్రం కూడా చర్మాన్ని చూసి ఆగిపోకూడదు. 1975 కేసులో బాధితుడు ఎడమచెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి. ఒంటిచేత్తో వడ్రం చేయలేడు కనుక నష్టం నూరు శాతమేనని కోర్టు ఆమోదించింది. కొత్తచర్మం వేడిని ఓర్చుకోలేని బాయిలర్ కార్మికుడికి 20 శాతం అని రాయడం ఏ న్యాయం?

ఆ ధ్రువపత్రాన్నే సవాలు చేస్తూ ఆ విద్యార్థి తండ్రి తరఫున దావా వేశాం. రెండేళ్ల గడువుకు ఇంకా నాలుగు నెలలుంది. ఇది చదువుతున్న విద్యార్థుల ఇళ్లలోనూ ఇలాంటి కాగితం ఒకటి పెట్టె అడుగున ఉండవచ్చు. దానిమీద తేదీ చూడండి.