జమ్మి ఎక్కవలసిన వేళ

దసరా సెలవులు ముగిసినవి. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు చెరువు చేరినవి. పెద్దల చేతిలో జమ్మి ఆకును బంగారమని ఉంచి, పాదములకు మ్రొక్కి, బోధన్ ప్రాంతపు విద్యార్థులు మరల బస్సు ఎక్కుచున్నారు. ఎం.ఏ. చదువువారు, పరిశోధన సాగించువారు వీరిలో కలరు.

ఉన్నత విద్యకు ఒకప్పుడు 1918లో వెలసిన ఉస్మానియాకు పోవలసిన ఈ జిల్లావారికి, 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము నేడు డిచ్‌పల్లిలోనే ఉన్నది. దారి దగ్గరైనది గాని భారము తగ్గలేదు. బోధన్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దానిని నమ్ముకొన్న ఇండ్లలో "ఇంకెన్నాళ్లు బిడ్డా ఈ చదువు?" అను మాట పండుగనాడును వినవచ్చును. ఆ మాటలో కోపము లేదు, ఇంటి లెక్క ఉన్నది. సత్తుపిండితోపాటు ఆ ప్రశ్ననుకూడ మోసికొని వచ్చిన విద్యార్థికి, పది దినముల క్రిందట తాను వ్రాసిన పుటయే పరాయిదిగా తోచును. కొందరు ఇచ్చటనే చదువు విడుతురు. బుద్ధి చాలక కాదు, ముఖము చెల్లక.

పాండవులు జమ్మిపై దాచిన ఆయుధముల కథ అందరెరిగినదే. కాని మన విద్యార్థికి అందులో దగ్గరి బంధువు అర్జునుడు కాదు, ఉత్తరకుమారుడు. కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తిన ఆ బాలుని, బృహన్నల వేషముననున్న అర్జునుడు పట్టి తెచ్చెను. పిరికివాడని విడువలేదు. యుద్ధమంతయు నెత్తిన పెట్టలేదు. జమ్మి ఎక్కి ఆయుధములు దింపుమనెను, పిదప రథము తోలుమనెను. చేయగల పని చేతికి రాగానే ఉత్తరుని భయము సడలినది.

విద్యార్థి యుద్ధమును గురువు చేయరాదు. కాని తొలినాటి పనిని చూపవచ్చును. తిరిగివచ్చిన దినముననే క్రొత్త అధ్యాయము అడుగక, పాత పుటకు శుభ్రప్రతి వ్రాయుమనవచ్చును. ఒక పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుమనవచ్చును. చేయి కదిలిన మనస్సు వెంట నడచును. విద్యార్థులును సెలవుకు పోవునపుడు, రాబోవు వాక్యమేదో ఒక చీటిపై వ్రాసి పుస్తకమున ఉంచుకొనుట మేలు.

"ఇంత ఆలస్యమేల?" అను ప్రశ్నను వారు ఇంటివద్ద వేరొక రూపమున వినియే వచ్చినారు. ఉపాధ్యాయులమైన మనము "ఎక్కడ ఆపితివి?" అని అడుగుదము. ఆ ప్రశ్నకు విద్యార్థి పుస్తకము తెరచి చూపవలసి ఉండును. పుస్తకము తెరచుటయే కదా మనకు కావలసినది!